రోడ్డంచు ఆకులు

శుక్రవారం సాయంత్రం చేపల వేపుడు తినడానికి వచ్చినవాళ్ళకి ఉపన్యాసం వినిపించడం అన్యాయమే. కానీ మా ఊరి జనం ఒకచోట దొరికేది అప్పుడే. అందుకని టౌన్ ఆఫీసులో నీళ్ళ పని చూసే గ్వెన్, మాజీ సైనికుల హాల్లో బీరు కౌంటరు పక్కన నిలబడి రెండు గాజు సీసాలు పైకెత్తి చూపించింది. ఒకదాంట్లో మామూలు నీళ్ళు. రెండోదాంట్లో చిక్కటి టీ రంగు నీళ్ళు, అడుగున నాలుగు మేపుల్ ఆకులు.

"ఇది టీ కాదు," అంది గ్వెన్. "రోడ్డు మీద ఆకులు తెచ్చి రాత్రంతా వాననీళ్ళలో నానబెట్టాను. అంతే."

"పంచదార వేశావా?" అన్నాడు వెండెల్ ప్రోక్నో.

హాలంతా నవ్వింది. గ్వెన్ కూడా నవ్వింది, పాపం. మా వైపు మనుషులు తమ మీద వేసిన జోకుకి కూడా మర్యాదగా నవ్వుతారు.

"అక్కర్లేదు వెండెల్. ఇందులో ఉన్న ఎరువు బలమే ఎక్కువ. ఈ నీళ్ళు రోడ్డంచున పారి, వాననీళ్ళు దిగే ఇనప జాలీలో పడతాయి. జాలీ కింద గొట్టం, గొట్టం అవతల లేక్. మధ్యలో వడకట్టేది ఏదీ లేదు. ఆ బలం తాగి వేసవికల్లా నాచు బలుస్తుంది."

"మరి అడవిలో ఆకులు రాలవా?" అన్నాడు వెండెల్. "లేక్ చుట్టూ నా తాతల కాలం నుంచీ అడవే కదా. అప్పుడు లేని నాచు ఇప్పుడెందుకు వచ్చిందట?"

"అడవిలో రోడ్డు లేదు, గొట్టం లేదు. రాలింది అక్కడే మట్టిలో కలిసిపోతుంది. మనమేం చేస్తున్నాం? గడ్డిలో పడ్డ ఆకుని కూడా కష్టపడి లాక్కొచ్చి రోడ్డు మీద పోస్తున్నాం."

"టౌన్ ఆకుల లారీ వచ్చి గొట్టంతో పీల్చుకుపోతుందిగా!"

"లారీ కంటే ముందు వాన వస్తుంది," అంది గ్వెన్. "గడ్డిలోనే ఉంచండి, మొక్కల మొదట్లో పోసుకోండి, పెరట్లో కుప్ప పెట్టుకోండి. రోడ్డు మీద మాత్రం వద్దు. నేనడిగేది అంతే."

జనం చప్పట్లు కొట్టి మళ్ళీ చేపల మీద పడ్డారు. వెండెల్ తన పళ్ళెంలోని క్యాబేజీ ముక్కల గిన్నెని బల్ల మీదుగా ఎదురింటి నడీన్ ముందుకి తోశాడు. అది ఆయనకి పడదు, ఆమెకి ఇష్టం. ఎన్నో శుక్రవారాలుగా ఆ గిన్నె అలాగే బల్ల దాటుతోంది.

నడీన్ కుబియాక్ దాన్ని ముట్టుకోలేదు. ఆమె ఇంకా కౌంటరు మీది సీసాకేసే చూస్తోంది. ఆగస్టులో ఆమె కుక్క టిల్లీ వీధి చివరికి పరిగెత్తి లేక్‌లో నీళ్ళు తాగింది. ఆ రోజు నీళ్ళు పచ్చరంగు డబ్బా ఒలికినట్టున్నాయి. ఇంటికి తిరిగి వచ్చింది కానీ గడప దాటేసరికి కాళ్ళు తడబడ్డాయి, పశువుల డాక్టరు ఫోను ఎత్తేలోపే వంటింటి నేల మీద ప్రాణం పోయింది. నాచులో విషముందని మర్నాడు ఒడ్డున బోర్డు పెట్టారు.

ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని ఆమె కాసేపు చూసింది. ఏమీ అనిపించలేదు. ఆగస్టు నుంచీ ఆమెకి అంతే. కన్నీటి చుక్క రాలేదు, ఆకలీ పోలేదు. బడి బస్సు నడుపుతోంది, పిల్లల్ని ఎక్కిస్తోంది, దింపుతోంది. పెరటి తలుపు తీసినప్పుడు మాత్రం కుక్క దూరేంతసేపు పట్టుకుని నిలబడి, ఆ తర్వాత వేస్తోంది.

"తినవేం?" అన్నాడు వెండెల్.

"తింటాను," అంది నడీన్. తింది.

*

శనివారం ఆమె ఆకులు లాగే పళ్ళకర్ర తీసుకుని వాకిట్లోకి కాక, రోడ్డు మీదకి వెళ్ళింది.

మా వీధి పై నుంచి లేక్ దాకా వాలుగా ఉంటుంది. పై ఇళ్ళ ఆకులూ నీళ్ళూ కిందకే రావాలి. జాలీ సరిగ్గా నడీన్ ఇంటి ముందుంది. ప్రతి శరత్తులో ప్రతి ఇల్లూ తన ఆకుల్ని రోడ్డంచుకి లాగి, లారీ కోసం పొడుగ్గా వరస పోస్తుంది. వరస వంకర లేకుండా ఉంటే ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళని లెక్క. వీధి మొత్తంలో వెండెల్ వరస నూలు పట్టి గీసినట్టుంటుంది. కాగితం మిల్లులో మిషన్లు చూసిన చెయ్యి మరి, ఆకులు ఊదే బ్లోయర్ వీపుకి తగిలించుకున్నాడంటే గడ్డి మీద ఒక్క రెబ్బ మిగలదు.

నడీన్ తన వరసని వెనక్కి లాగడం మొదలుపెట్టింది. అడుగున తడిసినవి తారుకి అంటుకుపోయాయి. పళ్ళకర్రతో రావు, ఇనప పారతో గోకాలి. గోకి, గడ్డి మీదకి తిరగేసి, అక్కణ్ణుంచి పాత దుప్పట్లో పోసి గుమ్మం పక్క హైడ్రేంజియా పొదల మొదట్లోకి ఈడ్చుకెళ్ళింది. జాలీ చువ్వల మధ్య ఇరుక్కున్నవాటిని గ్లవ్ తీసేసి వేళ్ళతో పీకింది. చల్లగా, జారుడుగా ఉన్నాయి. కింద ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు.

వెండెల్ రోడ్డు దాటి వచ్చాడు. మోకాలు బాగాలేదు కాబట్టి ఆయన రోడ్డు దాటడమంటే చిన్న సంగతి కాదు.

"ఏంటి నడీన్, సినిమా వెనక్కి తిప్పుతున్నావా?"

ఆమె నడుం నిలబెట్టింది. చెప్పడానికి ఇదే అదను. ఎదురింటి నుంచి కాలవలా పారి ఈ జాలీలోనే పడేది ఆయన వరసలోని కషాయమే. ఆ మాట అనడానికి నోరు తెరిచింది కూడా.

కానీ ఆ మనిషే ఆగస్టు ఎండలో, మోకాలికి కట్టు కట్టుకుని, ఆమె పెరట్లో టిల్లీ కోసం బంకమట్టి తవ్వాడు. ఆమె రమ్మనలేదు. పార భుజాన వేసుకుని తనే వచ్చాడు. గొయ్యి చాలినంత లోతుకి దిగేదాకా ఆగలేదు, మాట్లాడలేదు. చలికాలం ఆమె లేచేసరికే ఆమె కారు దారిలో మంచు తోసేసి ఉంటాడు. వీధిలో ఆమెతో నాలుగు మాటలాడే మనిషి ఆయన ఒక్కడే. ఆయన్ని పోగొట్టుకుంటే ఇక ఎవరూ లేరు.

"ఒళ్ళు కదలాలిగా," అంది నడీన్. "రోజంతా స్టీరింగ్ ముందు కూర్చోవడమే."

"ఇదేం వ్యాయామం! లాగింది మళ్ళీ లాగడం. నీ చెట్టు ఇంకా సగం కూడా రాల్చలేదు చూడు." ఆయన ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. "అలిసిపోయావు నువ్వు. కనిపిస్తూనే ఉంది."

"బాగానే ఉన్నాను."

ఆదివారం కూడా అదే పని. ఆ రోజు ఆయన రాలేదు, గేరేజీ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉన్నాడు.

*

సోమవారం మధ్యాహ్నం బస్సు షెడ్డులో పెట్టి వీధి మలుపు తిరిగేసరికి ఆమెకి తన ఇల్లు ఒక్క క్షణం పరాయిదానిలా కనిపించింది.

వాకిలి తుడిచిపెట్టినట్టుంది. గడ్డి మీద ఆకు లేదు. హైడ్రేంజియాల మొదళ్ళు బోసిగా, నల్లమట్టి బయటపడి ఉన్నాయి. రెండు రోజులు ఆమె ఈడ్చి పోసినదంతా, చెట్టు కొత్తగా రాల్చినదంతా, రోడ్డంచున తిన్నగా వరస తీరి ఉంది. వంకన్నది లేదు. జాలీ పూర్తిగా దాని కిందకి పోయింది.

ఎదురు గేరేజీ ముందు వెండెల్ బ్లోయర్ తుడుస్తున్నాడు. ఆమె కారు దిగగానే ఆయన గడ్డం కొంచెం పైకెత్తాడు. మా వైపు దానర్థం, నువ్వేం చెప్పక్కర్లేదు, అని. అడిగి చెయ్యడం మొహమాటం, చేశాక చెప్పుకోవడం ఇంకా మొహమాటం. ఇలాంటి ఊళ్ళో తప్ప ఇలాంటి పొరపాటు ఎక్కడా జరగదు.

"థాంక్స్, వెండెల్," అంది నడీన్. ఆ మాట దానంతటదే వచ్చేసింది. చిన్నప్పట్నుంచీ అలా అలవాటు చేస్తారు.

"దానిదేముంది. రేపు లారీ మన వీధికే వస్తుందట. ఇక నువ్వు హాయిగా కూర్చో."

ఆమె లోపలికెళ్ళి కోటు విప్పకుండానే వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుంది. లేక్ మీదుగా మబ్బు ముదురు బూడిదరంగులో దిగుతోంది. లారీ రేపు, వాన ఇప్పుడు. ఆయన కళ్ళ ముందే బయటికెళ్ళి ఆయన చేసిపెట్టిన పనిని చెడగొడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. వెళ్ళకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. రెండూ తెలిసి, రెండిట్లో దేనికీ భయం వెయ్యలేదు. వెయ్యకపోవడం మాత్రం కొంచెం వింతగా అనిపించింది.

మొదటి చినుకులు కారు అద్దం మీద పడ్డాయి. ఆమె లేచి పళ్ళకర్ర తీసుకుంది.

జాలీ మీదివి ముందు తీసింది. తర్వాత వరస చివరి నుంచి మొదలుపెట్టింది. వాన గట్టిపడింది. ఆకులు నీళ్ళు పీల్చి బరువెక్కాయి, దుప్పటి ఈడుస్తుంటే భుజాలు లాగేస్తున్నాయి. వరస కింద నుంచి అప్పుడే సన్నగా గోధుమరంగు నీరు బయల్దేరింది. చూస్తుండగానే వేలంత లావైంది.

వెండెల్ తలుపు తీసుకుని వచ్చాడు. గొడుగు తెచ్చుకున్నాడు కానీ విప్పలేదు.

"ఏం చేస్తున్నావు?"

"తీస్తున్నాను."

"అది కనిపిస్తోంది. పొద్దున్నంతా నేను..." ఆయన ఆగిపోయాడు. చేసినదాన్ని చెప్పుకోవాల్సి రావడం ఆయనకి చాలా కష్టంగా ఉంది. "నీకు సాయంగా ఉంటుందనే."

"తెలుసు వెండెల్."

"మరి?"

"ఇవి రోడ్డు మీద ఉండకూడదు."

"ఓహో. ఆ సీసాల పిల్ల చెప్పిందా?"

"టిల్లీ తాగింది ఆ నీళ్ళే," అంది నడీన్. ఆమె గొంతులో ఏమీ లేదు, బస్సు ఏ స్టాపులో ఆగుతుందో చెప్పినట్టే చెప్పింది.

వాన వెండెల్ టోపీ అంచు మీంచి కారుతోంది. "అంటే నీ కుక్కని నేను చంపానా?"

"నేనూ లాగాను. ప్రతి ఏడూ లాగాను."

"నేనడిగింది అది కాదు."

ఆమె దుప్పటి కొసలు పట్టుకుని మళ్ళీ ఈడ్చింది. తిరిగి చూసేసరికి ఆయన తలుపు మూసుకుంది. ఎదురుగా ఆయన వరస అలాగే ఉంది, దాని కింద నుంచి గోధుమరంగు నీరు రోడ్డుకి అడ్డంపడి ఆమె జాలీ వైపే వస్తోంది.

*

మంగళవారం లారీ రాలేదు. తడి ఆకులు పీల్చి గొట్టం మూసుకుపోయి పై వీధిలోనే ఆగిపోయిందట. వారం చివరికి గానీ బాగుపడదన్నారు, గురువారం మళ్ళీ వానన్నారు.

పొద్దున బస్సు కోసం బయల్దేరుతుంటే వెండెల్ ఉత్తరాల పెట్టె దగ్గర ఉన్నాడు. నడీన్ చెయ్యి ఊపింది. ఆయన పెట్టెలోకే చూస్తూ ఉండిపోయాడు. అందులో ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు, ఉత్తరాలు మధ్యాహ్నం వస్తాయి. మా వీధిలో చెయ్యి ఊపకపోవడమంటే బూతు తిట్టినట్టే. సాయంత్రం కూడా అంతే జరిగింది.

ఉన్న ఒక్క తోడూ పోయింది, అనుకుంది నడీన్. వంటింట్లో టొమాటో సూపు వేడి చేసుకుని నిలబడే తాగింది. పెరటి తలుపు తీసి, ఆగి, వేసింది.

బుధవారం పొద్దున వెండెల్ హాలుకి పేకాటకి వెళ్తాడు, మధ్యాహ్నం భోజనం వేళకి గానీ రాడు. పొద్దుటి ట్రిప్పు ముగించుకుని వచ్చిన నడీన్ ఆయన కారు లేకపోవడం చూసింది. ఆ వరస చూసింది. నాని, నల్లబడి, నడుం వంగి రోడ్డు సగం దాకా పరుచుకుని ఉంది. ఆయన వరస అలా చెదిరి ఉండడం ఎప్పుడూ చూడలేదు.

ఆమె పళ్ళకర్ర, పార, దుప్పటి తీసుకుని రోడ్డు దాటింది.

అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు. పార కింద దూర్చి ఎత్తితే ఆకులు పొరలు పొరలుగా వచ్చాయి, మధ్య పొరల్లో ఆవిరి. పులిసిన వాసన. మొదటి దుప్పటి ఆయన లిలాక్ చెట్ల కిందకి, రెండోది గులాబీల మొదట్లోకి, ఆ తర్వాతవి గేరేజీ వెనక్కి. నడుం పట్టేసినప్పుడు పళ్ళకర్ర మీద ఆనుకుని నిలబడింది. ఊపిరి తీసుకుని మళ్ళీ వంగింది.

పై ఇంటి లోర్నా కారు ఆపి అద్దం దించింది. "నడీన్! వెండెల్‌కి ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉన్నాడు."

"మరి నువ్వు ఆయన ఆకులు..."

"ఊరికే."

"ఎంత మంచిదానివమ్మా!" అంది లోర్నా మనస్ఫూర్తిగా. అద్దం ఎత్తుకుని, తన ఇంటి ముందు రోడ్డు మీద పరిచిన ఆకుల వరస మీదుగా కారు పోనిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

నడీన్ చివరగా చీపురుతో తారు మీది పొట్టు ఊడుస్తుండగా వెండెల్ వచ్చాడు. కారుని రోడ్డు మధ్యలోనే ఆపేశాడు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, తన గులాబీల్ని, తన లిలాక్‌లని, ఖాళీగా ఉన్న రోడ్డంచునీ చూశాడు. తర్వాత దిగాడు. ఆయన మొహం ఎర్రబడింది. నడీన్ చీపురు పట్టుకుని నిలబడింది. తిడితే తిట్టనీ అనుకుంది.

కానీ అడక్కుండా ఎవరైనా పని చేసిపెడితే మా వైపు అనాల్సిన మాట ఒక్కటే ఉంది. ఆయనకి ఇంకోటి రాదు.

"థాంక్స్," అన్నాడు, పన్ను పీకించుకున్నవాడిలా.

"దానిదేముంది," అంది నడీన్.

ఆయన ఇంట్లోకి పోతాడనుకుంది. పోలేదు. కుంటుకుంటూ రోడ్డు దాటి జాలీ దగ్గరికి వెళ్ళాడు. మంచి మోకాలు ముందు ఆనించి, రెండోది పంటి బిగువున దించి, చువ్వల మధ్య వేళ్ళు పెట్టి ఆకులు పీకడం మొదలుపెట్టాడు. వీపు ఆమె వైపుంది.

"ఆ రోజు టిల్లీ నీళ్ళవైపు పోవడం నేను చూశాను," అన్నాడు.

నడీన్ చీపురు ఆపింది.

"గేరేజీ తలుపుకి రంగేస్తున్నాను. నీళ్ళు పాడయ్యాయని పొద్దున్నే తెలుసు నాకు, ఒడ్డుదాకా నడిచొచ్చాను కదా. అది నా ముందు నుంచే పోయింది. పిలుద్దామనుకున్నాను. పిలిస్తే వచ్చేది, నా మాట వినేది అది." ఆయన ఒక ఆకు పీకి పక్కన పెట్టాడు. "నువ్వు గుమ్మంలో ఉన్నావేమో, నువ్వే వదిలావేమో అనుకున్నాను. నీ కుక్కని నేను గద్దిస్తే నువ్వేమనుకుంటావోనని... ఊరుకున్నాను."

అడక్కుండా మంచు తోసినవాడు, అడక్కుండా గొయ్యి తవ్వినవాడు, అడక్కుండా ఆకులు ఊదినవాడు. ఒక్క పిలుపు దగ్గర ఆయనకి మొహమాటం అడ్డొచ్చింది.

నడీన్‌కి ముందు అరచేతులు వేడెక్కాయి. తర్వాత మెడ, చెవులు. అదేమిటో గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. కోపం. చీపురుకర్ర పెట్టి ఆ వంగిన వీపు మీద ఒక్కటి వెయ్యాలన్నంత కోపం.

"ఒక్కసారి!" అని అరిచింది. మా వీధిలో ఎవరూ అరవరు. పై ఇంట్లో లోర్నా కర్టెన్ కదిలింది. "ఒక్కసారి పిలిస్తే సరిపోయేది కదా వెండెల్! టిల్లీ అని ఒక్క కేక!"

"అవును," అన్నాడాయన.

"ఇన్నాళ్ళూ నాతో బల్ల దగ్గర కూర్చుని తిన్నారు!"

"అవును."

ఆమె ఏడ్చింది. రోడ్డు మధ్యలో నిలబడి, చీపురు పట్టుకుని, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా, పిల్లలు ఏడ్చినట్టు గొంతెత్తి ఏడ్చింది. వెండెల్ వెనక్కి తిరగలేదు, ఓదార్చలేదు. జాలీలో ఇంకేం మిగల్లేదు, అయినా ఆయన వేళ్ళు ఖాళీ చువ్వల మధ్య తిరుగుతూనే ఉన్నాయి.

ఏడుపు తగ్గాక ఆమె గ్లవ్‌తో మొహం తుడుచుకుంది. మట్టి అంటుకుంది. వెండెల్ లేవబోయి లేవలేక, మళ్ళీ కూలబడ్డాడు. రెండోసారీ అంతే. ఆమె చూస్తూ ఉండిపోయింది. చెయ్యి ఇవ్వబుద్ధి కాలేదు. చివరికి పళ్ళకర్ర అందుకుని దాని పిడి ఆయన వైపు చాచింది. ఆయన దాన్ని పట్టుకుని లేచాడు.

"లోర్నావి ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి," అంది నడీన్. గొంతు బొంగురుపోయింది. "రేపు వాన."

వెండెల్ పార వైపు చెయ్యి చాచాడు. "పద. ఆవిడ బయటికొచ్చేలోపు తీసేద్దాం."

"వద్దు. ముందు వెళ్ళి చెప్పండి."

"ఏమని?"

"ఆకులు ఎందుకు తీయాలో. ఆ రోజు మీరు చూసింది. అన్నీ. తలుపు కొట్టి చెప్పండి."

ఆయన పై ఇంటి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె పార ఇవ్వలేదు. ఆయన కుంటుకుంటూ ఎత్తుకి నడిచాడు, లోర్నా మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. తలుపు ముందు టోపీ తీసి పట్టుకున్నాడు. చెయ్యెత్తి, దించేశాడు. వెనక్కి తిరిగి చూశాడు.

నడీన్ రోడ్డు మధ్యలోనే నిలబడి ఉంది. ఆయన తలుపు కొట్టేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.